రెండో రౌండు పూర్తిచేయని మనిషి

పోయిన నెల ఒక పలకరాయి ఫ్యాక్టరీలో కొత్తగా సూపర్‌వైజరుగా చేరినాయన మా ఇంటికి వచ్చాడు. పనివాళ్లకు పొద్దున్నే వ్యాయామం పెట్టించమని వాళ్ల యజమాని చెప్పాడట. "మీ ఫ్యాక్టరీలో మీరు భలే నడిపినారంట గదా సార్. ఏమేం చేయించినారో ఒక కాయితం మీద రాసియ్యండి" అన్నాడు. సరేనని ఆయన్ని పంపించాను. రాయడానికి కూర్చుంటే వ్యాయామాల పేర్లు గుర్తుకు రాలేదు, కాశయ్య గుర్తుకొచ్చాడు. అందుకని ఆయన అడిగింది ఒకటి, నేను రాసిస్తున్నది ఇంకొకటి. ఇలాంటి ఉద్యోగాల్లో చేరే మిగతావాళ్లు కూడా చదువుతారనే ఆశతో కొంచెం వివరంగానే రాస్తున్నాను.

పుస్తకాల సారు

మార్కాపురం నుంచి తర్లుపాడు వెళ్లే దారిలో ఉన్న ఒక ఫ్యాక్టరీలో ముప్పయ్యేళ్లు పైగా పనిచేశాను. చేరేనాటికి అక్కడ బడిపిల్లల పలకలు తయారయ్యేవి. తర్వాత పలకలు అడిగేవాళ్లు తగ్గిపోయి, అదే రాయిని గోడలకు, గచ్చులకు వేసే బిళ్లలుగా కోసి పంపడం మొదలైంది. గని నుంచి వచ్చిన రాయిని ఉలితో పొరలుగా విడదీసే షెడ్డు ఒకటి, మిషన్ మీద సైజుకు కోసే షెడ్డు ఒకటి, పెట్టెల్లో సర్దే షెడ్డు ఒకటి. చివరి పదేళ్లు మూడింటికీ నేనే సూపర్‌వైజర్ని.

నా చదువు పదో తరగతి. మిగతాదంతా మార్కాపురం శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. డ్యూటీ దిగి సైకిల్ మీద నేరుగా అక్కడికే పోయేవాణ్ణి. చరిత్ర, ఖగోళం, శరీరశాస్త్రం, ఏది దొరికితే అది చదివాను. నచ్చిన భాగాలు నోటుబుక్కులోకి ఎత్తి రాసుకునేవాణ్ణి. గాలి ముక్కులోకి దూరిన దగ్గరనుంచి ఊపిరితిత్తుల చివరి బుడగల దాకా ఏ దారిన పోతుందో బొమ్మ గీసి చూపించగలను. ఫ్యాక్టరీలో నన్ను పుస్తకాల సారు అనేవాళ్లు. కొందరు ఎగతాళికి అనేవాళ్లని తెలుసు. అయినా ఆ పేరు నాకు ఇష్టం.

ఇది గొప్ప చెప్పుకోవడానికి రాయడం లేదు. నేను చేసిన తప్పు చదువు లేనివాడు చేయగలిగిన తప్పు కాదు.

ఎందుకు మొదలుపెట్టాం

ఒకసారి మా రాయి కొనే కంపెనీవాళ్లు ఫ్యాక్టరీ చూడటానికి వచ్చారు. పనివాళ్ల ఆరోగ్యానికి మీరేం చేస్తున్నారని అడిగారు. మా ఓనరు టీలు తెప్పించి మాట మార్చాడు. ఆయన మంచి వ్యాపారస్తుల కుటుంబం నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన. వాళ్లు వెళ్లాక నన్ను పిలిచాడు.

"నువ్వు ఇన్ని పుస్తకాలు చదువుతావు గదా. మనోళ్లకు పనికొచ్చేది ఒకటి చూడు. పెద్ద ఖర్చు కాగూడదు."

రెండో రోజుకే పథకం తయారు చేశాను. డ్యూటీకి ఇరవై నిమిషాల ముందు అందరూ ముందు ఆవరణలో వరసగా నిలబడాలి. చేతులు, నడుము, మోకాళ్లు కదిలించే వ్యాయామాలు. తర్వాత షెడ్ల చుట్టూ రెండు రౌండ్ల పరుగు. చివర దీర్ఘశ్వాస. ముక్కుతో నిండా పీల్చి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టి, మెల్లగా వదలాలి. ఇష్టమున్నవాళ్లే రావచ్చని నోటీసులో రాశాను. కానీ ఆ ఇరవై నిమిషాల ముందే గేటు మూయమని వాచ్‌మన్‌కు చెప్పింది కూడా నేనే.

మొదటిరోజు పెట్టెల షెడ్డులో పనిచేసే సుబ్బమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"కోడి కూసేటప్పటికి లేసి, బోరుకాడ నీళ్లు మోసి, బర్రెకు గడ్డేసి, ఆటోలో ఇరుక్కోని వచ్చినా. ఇప్పుడు నాకు ఎక్సర్‌సైజు ఏంది అబ్బయ్యా?"

"అది పని సుబ్బమ్మా. ఇది వ్యాయామం" అన్నాను.

"రెంటికీ నొచ్చేది ఈ నడుమే గదా."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె అడిగింది మంచి ప్రశ్న అని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

జరిగిన మంచి

మంచి జరగలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ సుబ్బమ్మే రెండు నెలల తర్వాత, వంగి పెట్టె ఎత్తితే ఇంతకుముందులాగా పట్టేయడం లేదని చెప్పింది. రోజంతా గొంతుక్కూర్చుని రాయి చీల్చేవాళ్లకు మోకాళ్ల బిగుతు తగ్గింది. బరువు ఎత్తేటప్పుడు నడుం వంచకుండా మోకాళ్లు వంచడం నేర్పాను, అది ఇప్పటికీ నిలిచింది. ఒక షెడ్డువాళ్లకు ఇంకో షెడ్డువాళ్ల పేర్లు తెలిశాయి. పొద్దున్నే పదిమంది కలిసి నవ్వుకుని పనిలోకి దిగితే ఆ రోజు తేలిగ్గా గడుస్తుంది. ఇవన్నీ నేను కళ్లారా చూసినవి.

అందుకే, వ్యాయామం పెట్టవద్దని నేను ఎవరికీ చెప్పను. నాకు పేరు తెచ్చిన భాగాన్నీ, మనిషికి హాని చేసిన భాగాన్నీ ఒకే పొద్దున, ఒకే ఆవరణలో నడిపాను. అవి రెండూ వేరని నాకు తెలియలేదు.

గేటు దగ్గర పలక

మూడో నెలకు ఉత్సాహం తగ్గింది. కొందరు ఒక రౌండు తిరిగి ఆగిపోతున్నారు. నాకు ఒక ఆలోచన వచ్చింది. మా దగ్గర పలకలకు కొదవ లేదు. పెద్ద పలక ఒకటి నున్నగా చేయించి గేటు పక్కన వేలాడదీశాను. రెండు రౌండ్లు పూర్తిచేయనివాళ్ల పేర్లు ఏరోజుకారోజు సుద్దతో దాని మీద రాసేవాణ్ణి. సాయంత్రం అందరూ ఇంటికి పోయేదాకా ఆ పేర్లు అట్లాగే ఉండేవి.

బాగా పనిచేసింది. పేరు పడకూడదని జ్వరంతో ఉన్నవాళ్లు కూడా పరిగెత్తారు. నేను దాన్ని విజయం అనుకున్నాను. ఓనరు చూసి మెచ్చుకున్నాడు. ఆవరణలో అందరం చేతులు పైకెత్తి నిలబడిన ఫొటో తీయించి ఆఫీసులో పెట్టించాడు. నేను ముందు వరసలో ఉంటాను. ఆ ఫొటో ఇంకా అక్కడే ఉందని విన్నాను.

పలక మీద తరచుగా పడే పేరు కాశయ్యది.

కాశయ్య

కాశయ్య తర్లుపాడు దగ్గరి పల్లెవాడు. ఒకటిన్నర ఎకరం మెట్ట ఉంది, వానొస్తే కంది వేస్తాడు. పద్దెనిమిదేళ్లుగా కోత మిషన్ మీదే ఉన్నాడు. అంచు చెదరకుండా రాయి కోయడంలో అతనికి సాటి లేదు. వయసులో నాకంటే పదేళ్లు చిన్న. నన్ను అన్నా అనేవాడు.

మొదట్లో రెండు రౌండ్లూ బాగానే తిరిగాడు. తర్వాత రెండో రౌండులో వెనకబడ్డాడు. ఆ తర్వాత మొదటి రౌండుకే ఆగి, తొడల మీద చేతులాన్చి వంగి నిలబడేవాడు.

"చుట్ట మానుకో కాశయ్యా" అన్నాను ఒకరోజు, అందరికీ వినబడేట్టు.

"నేను చుట్ట తాగనన్నా."

"మరి ఏంది ఆ ఆయాసం? తిని పడుకుంటే అట్లే ఉంటుంది."

వరసలో నుంచి ఎవరో "పెండ్లాం బాగా పెడతాంది సార్" అన్నారు. కాశయ్య కూడా నవ్వాడు. నవ్వుతుండగానే దగ్గు వచ్చింది, చాలాసేపు ఆగలేదు.

కొన్నాళ్లకు ఒక కిటుకు కనిపెట్టాడు. మొదటి రౌండులో రాయి పేర్చిన వెనకవైపుకు రాగానే అక్కడే కూర్చుండిపోయి, మిగతావాళ్లు రెండోసారి వచ్చేటప్పుడు లేచి వాళ్లలో కలిసేవాడు. నేను పట్టుకున్నాను. చెయ్యి పట్టుకుని ఆవరణలోకి తెచ్చి, అందరి ముందూ ఒక్కణ్ణే ఇంకో రౌండు తిప్పించాను. తిరిగాడు. పరుగు అనలేం, నడిచాడు. వచ్చి గోడను పట్టుకుని నిలబడ్డాడు. పెదవుల రంగు మారి ఉంది. నేను చూశాను. అది రాతిదుమ్ము అంటిన రంగు అనుకున్నాను.

ఆ వారంలోనే అతని భార్య రమణమ్మ గేటు దగ్గరికి వచ్చింది. చెట్టు నీడన నిలబడి, కొంగు చివర మడుస్తూ మాట్లాడింది.

"మా ఇంటాయన మంచాన పండుకోలేక పోతన్నాడు సారూ. గోడకు ఆనుకోని కూసొనే నిద్ర పోతన్నాడు. పని చేస్తాడు, పనికి నేను వద్దనను. ఆ పరుగు ఒక్కటి మాన్పిచ్చండి. ఆ పలక మీద పేరు చూసి ఊళ్లో వాళ్లు గూడా నవ్వతన్నారు."

నేను ఆమెను లోపలికి పిలిచి పలక ముక్క ఒకటి తీసుకున్నాను. దాని మీద ఊపిరితిత్తుల బొమ్మ గీశాను. చదువు రాని ఆమెకు అర్థమయ్యేట్టు చెబుతున్నానని నాకు ఎంతో తృప్తి.

"ఇదిగో అమ్మా, ఇవి వాడకపోతే ముడుచుకుపోతాయి. పరిగెత్తితే విప్పారతాయి. ఆయన మంచికే చేయిస్తున్నా."

ఆమె బొమ్మ వంక చూసి, "మీకు తెలుసు గదా సారూ" అని వెళ్లిపోయింది.

నాకు తెలుసు గదా అని ఆమె నమ్మింది. ఈ రాతలో ఇంకేది చదివినా చదవకపోయినా ఈ ఒక్కమాట దగ్గర ఆగండి. సూపర్‌వైజరు చేతిలో ఉన్న అధికారంలో సగం ఇదే.

ఆ పేజీ

కోత మిషన్ మీద నీళ్లు పారుతుంటే దుమ్ము లేవదు, బురదై కిందికి జారిపోతుంది. మా వైపు నీళ్ల సంగతి మీకు తెలిసిందే. వేసవిలో బోర్లు ఎండితే ట్యాంకర్ల మీద బతుకుతాం. "తాగేదానికే చాలకపోతే మిషన్లకు ఏడ తెచ్చేది" అని ఓనరు ఎండాకాలం నీళ్లు కట్టేయించేవాడు. ఆ ఎండాకాలం ఏడాదికేడాదికీ పొడుగైంది. నేను ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. కాశయ్య మూతికి తువ్వాలు కట్టుకుని పొడిగానే కోసేవాడు.

నేను కొత్తగా చేర్చింది ఇంకొకటుంది. వ్యాయామం చేసేచోటు శుభ్రంగా ఉండాలని, అందరూ రావడానికి ముందు ఆవరణ ఊడ్పించేవాణ్ణి. ఆవరణ కోత షెడ్డుకు ఎదురుగానే ఉంది. ముందురోజు దుమ్మంతా అక్కడే పడి ఉండేది. పొడి చీపుళ్లతో ఊడిస్తే అది లేచి, వాలుగా పడే ఎండలో మెరుస్తూ గాలిలో నిలబడేది. సరిగ్గా అప్పుడు అరవైమందిని వరసలో నిలబెట్టి, నిండా పీల్చమని, పది లెక్కపెట్టేదాకా లోపలే ఉంచమని చెప్పాను. ఊపిరి చాలనివాళ్లను ఇంకా గట్టిగా పీల్చమన్నాను.

కాశయ్యకు జబ్బు వచ్చింది నా వ్యాయామం వల్లనే అని చెప్పలేను. పద్దెనిమిదేళ్ల దుమ్ము అది. కానీ దానికి నేనూ నా చీపురు వేశాను.

మొదట క్షయ అన్నారు. నెలల తరబడి మాత్రలు మింగాడు, గుణం కనిపించలేదు. పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు మాత్రం ఛాతీ ఎక్స్‌రే చూడకముందే ఏం పని చేస్తావని అడిగాడట. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడిందని, అది తగ్గేది కాదని, ఇంక దుమ్ములోకి పోవద్దని చెప్పాడు. కాశయ్య పని మానేశాడు.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. వ్యాయామాలు ఎత్తి రాసుకున్న పుస్తకం మళ్లీ తీశాను. దీర్ఘశ్వాస గురించి ఉన్న పేజీకి ముందు పేజీలోనే, రాతి పని చేసేవాళ్ల ఊపిరితిత్తుల గురించి ఒక పేరా ఉంది. ఆయాసం మొదటి గుర్తు అని అందులో ఉంది. పక్కన పెన్సిల్‌తో సన్నగా గీత. గ్రంథాలయం పుస్తకాల్లో గీతలు పెట్టకూడదని అందరికీ చెప్పే నేను పెట్టిన గీత అది. ఆ పేరా నేను చదవకపోవడం కాదు. చదివాను, నచ్చింది, గీత పెట్టాను. అది ఎక్కడో లోతు గనుల్లో పనిచేసేవాళ్ల సంగతి అనుకుని పేజీ తిప్పాను.

రిజిస్టరు

పలక మీద పేర్లు సాయంత్రానికి తుడిచేసేవాణ్ణి గానీ, అవన్నీ ఒక రిజిస్టరులోకి కూడా ఎక్కించేవాణ్ణి. ఎవరు ఏరోజు ఎన్ని రౌండ్లు తిరిగారు, ఎందుకు ఆగారు. చివర నా సంతకం. ఎవరూ అడగకపోయినా చేశాను. అట్లాంటివి నాకు సరదా.

కాశయ్య ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. మూడు మెట్లు ఎక్కి కూర్చుని, మాట్లాడటానికి కొంచెంసేపు ఆగాడు.

"దుమ్ము జబ్బోళ్లకు సర్కారు సాయం ఉందంటన్నా. నేను ఆడ పనిచేసినట్టు, ఆడ్నే చెడిపోయినట్టు రుజువు కావాలంట. ఫ్యాక్టరీలో నా పేరు సరిగ్గా ఏడా లేదు, కాంట్రాక్టు మీద పెట్టినారు గదా. నీ పరుగు బుక్కులో ఉంటాది. అది ఇస్తావా?"

"చూస్తాను" అన్నాను.

అతను పోయాక రిజిస్టరు తెరిచాను. ఎవరో డాక్టరు రాసినట్టే ఉంది. మొదట రెండు, తర్వాత ఒకటిన్నర, తర్వాత ఒకటి, తర్వాత సగం. మనిషి ఊపిరి నెలనెలా తగ్గడం నా దస్తూరీలో వరసగా కనబడింది. దానికంటే మంచి రుజువు దొరకదు. కానీ ఆ వరస పక్కన, కారణం రాయాల్సిన చోట, తొమ్మిది సార్లు "సోమరి" అని రాసి ఉంది.

ఇయ్యలేదు. ఓనరు ఒప్పుకోవడం లేదని కాశయ్యకు చెప్పాను. నేను ఓనరును అడగనే లేదు. అసలు ఆ రిజిస్టరు ఉన్న సంగతే ఆయనకు గుర్తులేదు. నలుగురు చదువుకున్నవాళ్లు ఆ మాటను నా దస్తూరీలో చూస్తారనే ఒక్క కారణంతో ఒక వానాకాలం, ఒక చలికాలం దాన్ని నా బీరువాలో పెట్టుకున్నాను. ఈలోపు రిటైరయ్యాను. శాలువా కప్పి, పనివాళ్ల ఆరోగ్యం కోసం పాటుపడ్డానని మాట్లాడారు. ఆ శాలువా కూడా అదే బీరువాలో పెట్టాను.

తర్లుపాడులో ఒక పెళ్లికి వెళ్లి, బస్సు కోసం నిలబడ్డప్పుడు కాశయ్య కనబడ్డాడు. ఆటో దిగి ఎదురుగా ఉన్న మందుల దుకాణానికి పోతున్నాడు. పట్టుమని పాతిక అడుగుల దూరం ఉండదు. మధ్యలో ఆగి ఒక మైలురాయి మీద కూర్చున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. దగ్గరికి వెళ్లాను.

"రెండు రౌండ్లన్నా" అన్నాడు నవ్వుతూ. "పొయ్యేది ఒకటి, వచ్చేది ఒకటి. పేరు రాయగాకు, చేస్తా."

మందులు నేను తెచ్చిస్తానన్నా వినలేదు. మరుసటిరోజు పొద్దున్నే రిజిస్టరు గుడ్డసంచిలో పెట్టుకుని వాళ్ల ఊరికి వెళ్లాను. దాన్ని కాశయ్య చేతికిచ్చి, ఓనరు ఒప్పుకోలేదన్నది అబద్ధమని రమణమ్మ ఎదురుగానే చెప్పాను. ఆమె మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. నేనున్నంతసేపూ మళ్లీ బయటికి రాలేదు.

మీకు చెప్పదలచుకున్నది

వ్యాయామం పెట్టండి. కానీ దానికంటే ముందు కోత మిషన్లకు నీళ్లు పెట్టించండి. దుమ్మును వదిలేసి ఊపిరితిత్తులను బలపరుస్తామనడం, చిల్లి పూడ్చకుండా కుండను కడగడం లాంటిది. చోటు దుమ్ముకు దూరంగా ఉండాలి. ఊడ్చేముందు తడపాలి. నీళ్లు లేకపోతే ఊడ్చవద్దు. అందరికీ ఒకే పరుగు పెట్టవద్దు. మొదట డాక్టరు చూడాలి, అదీ పనివాళ్లు ఏం పని చేస్తారో తెలిసిన డాక్టరు. వాళ్ల సొంత సమయం తీసుకోవద్దు, డ్యూటీలోనే చేయించండి. రానివాణ్ణి ఎందుకు రాలేదని ఒక్కణ్ణే పక్కకు పిలిచి అడగండి. పలక వేలాడదీయవద్దు. నిన్న చేయగలిగింది ఇవాళ చేయలేకపోతున్న మనిషి కనిపిస్తే, మీ పథకం మీకు చేసిన అతిపెద్ద మేలు అదే. వ్యాయామం వల్ల నాకు దొరికిన నిజమైన లాభం కాశయ్య ఆయాసం ముందుగా కనబడటం. దాన్నే నేను తప్పు కింద రాశాను.

తొమ్మిది చోట్ల

దరఖాస్తు చూసే డాక్టర్ల దగ్గరికి కాశయ్యతో నేనూ వెళ్లాను. వాళ్లలో పెద్దావిడ రిజిస్టరు పేజీలు నిదానంగా తిప్పింది. రౌండ్ల అంకెల మీద వేలు పెట్టి పక్కనున్న ఆయనకు చూపించింది. తర్వాత వేలు పక్క గడిలోకి జరిగింది.

"ఈ సోమరి అని రాసిందెవరు?"

నేనేనని చెప్పడానికి లేచాను. నోరు తెరిచేలోపే కాశయ్యే చెప్పాడు, మధ్యలో రెండుసార్లు ఊపిరి తీసుకుని.

"మా అన్న రాసినాడు మేడం. పద్దెనిమిదేండ్లు చేసినా గానీ నా గురించి ఆడ ఎవురూ ఏమీ రాయలేదు. రాసింది ఈయనొక్కడే."

ఆ మాటలో కోపం ఉందా, మన్నింపు ఉందా అని అతని ముఖంలోకి చూశాను. రెండూ కనబడలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

సోమరి అన్న మాటలు కొట్టేసి సరిదిద్దవచ్చా అని ఆవిడను అడిగాను. దిద్దితే రుజువు చెల్లదని చెప్పింది. "ఉండనీలే అన్నా" అన్నాడు కాశయ్య. ఆ పేజీలకు నకళ్లు తీసి అతని ఫైలులో పెట్టారు. దరఖాస్తు మంజూరైంది. ఆ ఫైలు అక్కడి బీరువాలో ఉంది. తొమ్మిది చోట్ల ఆ మాట ఉంది, తొమ్మిది చోట్లా దాని పక్కన నా సంతకం ఉంది.